అరువు కోటులో మా ముత్తాత

మా అమ్మమ్మ పుట్టిన ఊరు శ్రీకాకుళం జిల్లాలో, సముద్రం హోరు వినిపించేంత దగ్గర. ఆ వీధిలో మిగిలిన పాత పెంకుటిళ్ళ గోడలకి రంగం ఫొటోలు ఇంకా వేలాడుతున్నాయి. రంగూన్‌ని మావైపు రంగమనే అంటారు. ఆ ఫొటోల్లో మనుషులు వేరు, ఇంటిపేర్లు వేరు. కోటు మాత్రం ఒక్కటే. అదే నల్లకోటు, ఎడమ జేబు దగ్గర అదే మడత. వెనక తెర మీద అవే మెట్లు, అదే పూలకుండీ. ఒకాయనకి చేతులు మోచేతి కిందికే ఆగిపోయాయి, ఇంకొకాయనకి వేళ్ళు కూడా కనపడవు. బూట్లు పట్టని ఒక పెద్దమనిషి వాటిని కుర్చీ పక్కన బుద్ధిగా పెట్టుకుని దిగాడు.

కోటు స్టూడియో వాడిది. గొలుసు గడియారం, గొడుగు, చేతికర్ర కూడా వాడివే. సెలవురోజున ఆ తెర ముందు నిలబడి, ఫొటో అవగానే అన్నీ విప్పి ఇచ్చేసి, తువ్వాలు భుజాన వేసుకుని బసకి పోయినవాళ్ళే వీళ్ళంతా. మా ఇంట్లో మాత్రం మూడు తరాలుగా ఆ కోటుదే పెత్తనం. ‘మా తాత రంగంలో దొరల దగ్గర పెద్ద మేస్త్రీ’ అని మా మావయ్య సంబంధాలు మాట్లాడేచోట కూడా చెప్పేవాడు. ఆ మాట చెవిన పడితే అమ్మమ్మ చెరుగుతున్న చాట పక్కన పెట్టేసేది.

“మేస్త్రీ ఏటి? బియ్యం మిల్లులో బస్తాలు మోసీవోడు మా అయ్య. ఆ కోటు ఫొటోలోడిది.”

ఫొటోలో ఉన్నదెవరని అడిగితే ఒక పేరు వస్తుంది. వరస చెబుతారు, ఎప్పుడు పోయారో చెబుతారు, అక్కడితో మాట ఆగిపోతుంది. మన ఇళ్ళలో పాత ఫొటోల గురించి పిల్లలు అడిగేదీ, పెద్దలు చెప్పేదీ చాలావరకు ఇంతే. కానీ ఆ రోజుల్లో ఊరికే ఫొటో దిగిన పేదవాడు లేడు. కూలి డబ్బులు పెట్టి, సెలవురోజు వదులుకుని స్టూడియో మెట్లెక్కాడంటే దాని వెనక ఏదో అవసరం ఉండి తీరాలి. అందుకని అమ్మమ్మని నేను వేరేగా అడిగాను. ఎవరికోసం దిగాడు? దిగి ఎవరికి పంపాడు?

“మా అత్త పెళ్ళికి” అంది అమ్మమ్మ. అత్త అంటే ముత్తాత చెల్లెలు. మగపెళ్ళివారికి ఒక అనుమానం వచ్చిందట. పెద్దన్న అప్పటికే రంగంలో మాయమయ్యాడు, రెండో అన్న మాత్రం బతికున్నాడని ఏమిటి నమ్మకం? రేపు కట్నం బాకీ ఎవరు తీరుస్తారు? కబురు రంగం దాకా వెళ్ళింది. జవాబుగా ఈ ఫొటో వచ్చింది. బతికే ఉన్నాడు, కోటు తొడుక్కునేంత బాగా ఉన్నాడు. పెళ్ళి జరిగిపోయింది.

ఇది విన్న తర్వాత కార్డు తిప్పి చూస్తే వెనక వైపు కూడా మాట్లాడటం మొదలుపెట్టింది. అది పోస్టుకార్డు కాగితం మీద తీసిన ఫొటో. చేతిరాత ముత్యాల్లా ఉంది, మా ముత్తాతకి మాత్రం సంతకం కూడా రాదు. బసలో డబ్బులు తీసుకుని ఉత్తరాలు రాసిపెట్టేవాడి రాత అది. ‘ఇక్కడ క్షేమము, అక్కడ క్షేమము తెలియగోరెదను’ అనే మామూలు ధోరణే అంతా. అసలు సంగతి స్టాంపు చెప్పింది. దాని మీద ఐదో జార్జి బొమ్మ, ఆ బొమ్మ మీద నల్లగా ‘బర్మా’ అని అచ్చు. 1937 ఏప్రిల్ 1న బర్మాని బ్రిటిష్ ఇండియా నుంచి విడదీసినప్పుడు సొంత స్టాంపులు సిద్ధమయ్యే దాకా భారత స్టాంపుల మీదే ఇలా పేరు గుద్ది అమ్మారు. కాబట్టి కార్డు అంతకు ముందుది కాదు. అత్త పెళ్ళి ఎప్పుడైందో ఇంట్లో ఎవరికీ తెలియని మాకు, ఇంచుమించుగా ఒక ఏడాది దొరికింది.

కాగితం లేని ప్రయాణం

రంగం వెళ్ళినవాళ్ళ మనవలకి ఫొటోలు, ముసలివాళ్ళ మాటలు తప్ప వేరే దిక్కు ఎందుకు లేదో కూడా చెప్పుకోవాలి. మారిషస్‌కీ, దక్షిణాఫ్రికాలోని నాతాల్‌కీ వెళ్ళిన తెలుగువాళ్ళు ఒప్పంద కూలీలు. వాళ్ళని ఓడ ఎక్కించేటప్పుడు పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం పుస్తకంలో రాసేవారు. మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడ మొదలుకుని నాతాల్ జాబితాలు ఉన్నాయి. మారిషస్‌లో మోకా దగ్గరున్న మహాత్మాగాంధీ సంస్థ పాత వలస రికార్డులతోపాటు కూలీలకి తీసిన ఫొటోలనూ భద్రపరిచింది. ఐదో తరంవాళ్ళు అక్కడికి వెళ్ళి ముత్తవ్వ ముఖం చూసుకుని, ఊరి పేరు రాసుకుని, విశాఖలో దిగి వెతుక్కుంటున్నారు.

మా ముత్తాత వెళ్ళింది వేరే దేశానికి కాదు. అప్పటికి బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు లేదు, ఒప్పందం లేదు. ఊళ్ళోకి మేస్త్రీ వచ్చి బయానా ఇచ్చేవాడు, పదిమందిని పోగేసుకుని రేవుకి తీసుకుపోయేవాడు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడలు ఆగేవి. డెక్కు మీద టిక్కెట్టు, కొన్నాళ్ళ సముద్రం, దిగితే రంగం. రేవులో, బియ్యం మిల్లుల్లో, చెత్తబళ్ళ దగ్గర, రిక్షాల దగ్గర మనవాళ్ళే. 1931 జనగణన నాటికి రంగూన్ నగర జనాభాలో సగానికి మించి భారతీయులేనంటే ఆ ఊరి తీరు ఊహించుకోవచ్చు. తెలుగువాళ్ళని బర్మావాళ్ళు ‘కోరంగీలు’ అనేవారు. మన కోరంగి రేవు పేరు అక్కడ ఒక జాతి పేరైంది, చివరికి తిట్టు కూడా అయింది.

ముత్తాత అన్న మాయమైంది 1930లో. అమ్మమ్మ దాన్ని ‘కొట్లాట ఏడు’ అంటుంది. ఆ మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా కూలీలని పనిలోకి దించాయి. సమ్మె తెగి మనవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే బర్మావాళ్ళని వెళ్ళిపొమ్మన్నారు. మే 26న మొదలైన అల్లర్లలో వందలమంది చచ్చిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలు. చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక పేరా. మా అమ్మమ్మ ఇంట్లో ఇది ఉత్తరం రాని ఒక మనిషి, మెడలో పుస్తెలు ఉంచుకోవాలో తీసెయ్యాలో ఏళ్ళ తరబడి తేలని ఒక ఆడమనిషి. ఆ పెద్దన్నకి ఫొటో లేదు. ఉండి ఉంటే మగపెళ్ళివారు రెండో అన్న ఫొటో అడిగేవారే కాదేమో.

పళ్ళూడే వయసు

ముసలివాళ్ళు తేదీలు చెప్పరు, గుర్తులు చెబుతారు. ఆ గుర్తుల్ని పట్టుకుని తేదీకి చేరడం మన పని. అమ్మమ్మ ఆధార్ కార్డు ప్రకారం ఆమె 1940 జనవరి 1న పుట్టింది. ఆధార్ కార్డుల్లో మన ముసలమ్మలందరూ జనవరి ఒకటినే పుట్టారు, అది వేరే కథ. కానీ “ఇశాపట్నం మీద బాంబులు పడ్డ ఏడు మా అయ్య వచ్చీసినాడు, నాకప్పుడు పళ్ళూడిపోతున్నాయి” అంటుంది. విశాఖపట్నం రేవు మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. రెండేళ్ళ పిల్లకి పాలపళ్ళు రావాలిగానీ ఊడవు కదా. తను యువ నామ సంవత్సరంలో పుట్టినట్టు పురోహితుడు చెప్పాడని ఇంకో మాట కూడా అంది. యువ అంటే 1935-36. బాంబుల నాటికి ఆరేడేళ్ళు. పళ్ళ లెక్క, పంచాంగం లెక్క ఒకటే చెబుతున్నాయి. తప్పింది ఆధారే. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది గనక ఈ పద్ధతికి పక్కన ఇంకో గుర్తు తోడు ఉండాలి. పాలపళ్ళయినా చాలు.

అయ్య ఎలా వచ్చాడో చెప్పేటప్పుడు మాత్రం అమ్మమ్మ గొంతు మారుతుంది. చాట, చీపురు ఏదున్నా చేతిలోంచి కిందికి దిగుతుంది.

“కొండలెక్కి వచ్చినారు గుంటా. నీళ్ళు లేవు, కూడు లేదు. అడివరటి గడ్డలు తవ్వుకు తిన్నారట. వాంతులయ్యి కూకుండిపోయినోడిని కూకున్నకాడే ఒగ్గీసి నడిచినారట. ఆరు నెలలు నడిచినాడు మా అయ్య. ఆ మీద పడవెక్కి సిట్టగాం దిగినాడు.”

రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి. రేవుకూలీలూ మిల్లుకూలీలూ ఊరొదిలిపెట్టి నడక మొదలుపెట్టింది అప్పుడే. ఆ మరుసటి మార్చి మొదటి వారం దాటేసరికి నగరం జపాన్ చేతిలోకి పోయింది. నాలుగైదు లక్షలమంది భారతీయులు నడిచి వచ్చారని అంచనా. దారులు ప్రధానంగా రెండు. ఉత్తరాన మాండలే మీదుగా తము దాటి మణిపూర్‌లోకి ఒకటి. ప్రోమ్ దగ్గర ఐరావతి దాటి, అరకాన్ కొండలెక్కి తౌంగుప్ దగ్గర సముద్రానికి దిగి, పడవల మీద అక్యాబ్, చిట్టగాంగ్ చేరేది రెండోది. అమ్మమ్మ ‘సిట్టగాం’ చిట్టగాంగే. కాబట్టి మా ముత్తాత వచ్చింది తౌంగుప్ దారిన. ఆ దారిలోనే కలరా విరుచుకుపడింది. ‘వాంతులయ్యి కూకుండిపోయినోడు’ ఎవరో తెలియదుగానీ ఏమై కూర్చుండిపోయాడో తెలుస్తోంది. ఆరు నెలలన్న మాట నిలబడదు. డిసెంబరు చివర బయల్దేరి విశాఖ బాంబుల నాటికి ఇల్లు చేరాలంటే మూడున్నర నెలలకి మించి కుదరదు. నడిచినవాడికి అది ఆరు నెలలే అయి ఉంటుంది, నేను అమ్మమ్మతో వాదించలేదు.

అతను వచ్చేసరికి ఊళ్ళో ఇంకో వింత. పట్నంలో బాంబులు పడ్డాయని విశాఖ జనం బళ్ళు కట్టుకుని పల్లెలకి పరిగెత్తుకొచ్చారు. ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు. తలా గెడ్డమూ పెరిగి, చర్మం ఎముకకి అంటుకుపోయి వచ్చిన మనిషిని కూడా అలా వచ్చినవాడే అనుకున్నారట. కూతురికి తండ్రి ముఖం గుర్తులేదు. గోడ మీద ఫొటోలో మనిషికి కోటుంది, ఇతనికి గోచి ఉంది. “నాను దడిసిపోయి అమ్మ ఎనకాల దాగినాను” అంటుంది.

ఫొటోలో లేని ఆడవాళ్ళు

అమ్మమ్మవాళ్ళ అమ్మ, అంటే మా ముత్తవ్వ, కోటు ఫొటో వచ్చిన రోజున దాన్ని ముట్టుకోలేదట. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె నమ్మకం. ఆమెదే కాదు, తెలుగునాట ఆ మాట వినని పాత ఇల్లు లేదు. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లోనే పరదా స్త్రీలకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచాడు, లోపల ఫొటోలు తీసేది ఒక ఇంగ్లీషు దొరసాని. బేగంలకు దక్కిన ఆ మర్యాద పల్లెలో నాట్లు వేసే ఆడదానికి లేదు. ఆమెని కెమెరా ముందుకి పిలిచేదీ ఎవరో మగవాడే, వద్దనేదీ ఎవరో మగవాడే. నమ్మకం ఎంతవరకు ఆమెది, ఎంతవరకు ఇంట్లోవాళ్ళు ఆమె నోట పెట్టింది అన్నది వేరే ప్రశ్న.

ముత్తవ్వ పోయాక ఫొటో కావలసి వచ్చింది. దండ వెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఎవరిదో పెళ్ళిలో తీసిన గుంపు ఫొటో మూలన ఆమె ముఖం చింతగింజంత ఉంది. పట్నంలో ఎన్‌లార్జిమెంట్లు చేసే ఆయన దాన్నే పెద్దది చేశాడు. ముఖం మసకబారింది. అప్పుడు కుంచె పట్టుకుని కళ్ళు దిద్దాడు, నుదుట బొట్టు పెట్టాడు, జన్మలో తొడగని రవికె తొడిగాడు, మెడలో కాసులపేరు వేశాడు. ఇంటికి తెచ్చాక అందరూ దండం పెట్టారు. అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ ఆ పటం వైపు చూసి, “ఈవిడెవులో నాకు తెల్దు, మా అమ్మకి కింది పెదవి దగ్గర గాటుండీది” అంటుంది. ఆ గాటు ఎలా పడిందో కూడా చెప్పింది. రాళ్ళు మోసే రోజుల్లో పడింది. పటంలో కాసులపేరు ఉంది, గాటు లేదు. మా తరం ముత్తవ్వని పటంలోనే చూసింది గనక మాకు కాసులపేరే మిగిలింది.

నలుపు-తెలుపు ఫొటో ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. అమ్మమ్మ పెళ్ళి ఫొటోలో ఆమె చీర కాటుకలా నల్లగా ఉంటుంది. పెళ్ళికి నల్లచీర ఏమిటని మా పిన్ని కూతురు అమెరికా నుంచి వీడియోకాల్‌లో ఒకటే అడగడం. నల్లచీర కాదు, ఎర్రచీర. ఆ రోజుల్లో చిన్న స్టూడియోల్లో వాడిన చాలా ఫిల్ములు ఎరుపు వెలుతురుని పట్టవు. అందుకే వాటిని డార్క్‌రూములో ఎర్రబల్బు పెట్టుకుని కడుక్కునేవారు, అందుకే ఎర్రచీర, కుంకుమబొట్టు, తాంబూలం నమిలిన పెదవులు నల్లగా పడేవి. ఇప్పుడు ఫోన్లలో పాత ఫొటోకి రంగులు వేసిపెట్టే యాప్‌లు వచ్చాయి. మా అమ్మమ్మ పెళ్ళి ఫొటో ఒక యాప్‌కి ఇస్తే ముదురు నీలం చీర కట్టి పంపింది. యాప్‌కి ఆ రోజు సంగతి తెలియదు, ఆ చీర కట్టుకున్న మనిషి ఇంకా మన మధ్యే ఉంది. ముందు ఆమెని అడగడం తేలిక.

అడిగితే అన్నీ చెబుతుందనీ కాదు. రంగంలో అయ్య బస గురించి చాలాసార్లు మాట దాటవేసింది. ఒక మధ్యాహ్నం ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు, చింతపండు గింజలు తీస్తూ, “అక్కడో మనిషి ఉండీదట. వండి పెట్టీది. మా అమ్మకి తెలుసు” అంది. అంతే. బర్మా వెళ్ళిన మగవాళ్ళలో ఎంతోమందికి అక్కడ కాపురాలుండేవి, 1942లో అవి అక్కడే ఉండిపోయాయి. మావయ్యలకి ఈ మాట రాయడం ఇష్టం లేదు. వంశవృక్షం గీసేటప్పుడు ఆ కొమ్మ ఎందుకంటారు. అమ్మమ్మకి లేని సిగ్గు వీళ్ళకెందుకో! నేను మాత్రం దాన్ని అమ్మమ్మ అన్నంత మేరకే రాసిపెట్టుకున్నాను, గుచ్చిగుచ్చి అడగలేదు.

వంశవృక్షాల సంగతి వచ్చింది గనక ఒక మాట. తెలుగునాట వంశాలు గుర్తుపెట్టుకోవడమే వృత్తిగా బతికిన కులాలున్నాయి. వంశరాజులని ఇప్పుడు పిలుస్తున్న పిచ్చకుంట్లవారు తాము ఆశ్రయించిన కులాల గోత్రాలు, ఇంటిపేర్లు ఇల్లిల్లూ తిరిగి పాడేవారు. డక్కలివాళ్ళు మాదిగలకీ, కూనపులివాళ్ళు పద్మశాలీలకీ అలాగే కులపురాణం చెప్పేవారు. ఆ పాటల్లో మగవాళ్ళ వరస తరతరాలు దొరుకుతుంది, ఆడపేరు దొరకడం అరుదు. భూమి కాగితాలదీ అదే దారి. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ తీస్తే ఎవరి తాత ఏ చెలక దున్నాడో తెలుస్తుంది. మావైపు జమీందారీ ఊళ్ళలో 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సర్వేలు, సెటిల్‌మెంట్లు అయ్యాకే రైతు పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కింది. అమ్మమ్మ ఆ పుస్తకాలు వేటిలోనూ లేదు. ఆమె నోట్లో మాత్రం ఆ పుస్తకాల్లోని మనుషులందరూ ఉన్నారు.

ఫోను గడపలో పెట్టి

ఇలా కూర్చోబెట్టి అడగాలనుకునేవాళ్ళకి నాకు పనికొచ్చినవి చెబుతాను. ‘ఇంటర్వ్యూ’ అనొద్దు. ఆ మాట వినగానే అమ్మమ్మ కొప్పు సర్దుకుని, టీవీలో మాట్లాడినట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. పప్పు ఏరుతున్నప్పుడు, వత్తులు చేస్తున్నప్పుడు ఫోను రికార్డింగు పెట్టి గడపలో ఉంచితే మాట దానంతటదే వచ్చింది. ఆల్బమ్ మొత్తం ఒళ్ళో పెడితే పేర్లు చదివి మూసేస్తుంది. ఒక్కటే ఫొటో ఇచ్చి, మనుషుల్ని వదిలేసి వస్తువుల్ని అడగాలి. ఈ కుర్చీ ఎవరిది? ఈ జడగంటలు మనవా, అరువా? మూలన నిలబడ్డ పిల్ల చేతిలో ఏమిటది? ఇద్దరు ముసలమ్మల్ని పక్కపక్కన కూర్చోబెడితే ఇంకా మంచిది. ఒకరి అబద్ధం ఇంకొకరు ఒప్పుకోరు.

ఫొటోల్ని ముందు వెనక రెండు వైపులా కాపీ తీసుకోవాలి. ఫోనుతో అయితే కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా. స్కానర్ ఉంటే 600 డీపీఐలో. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకొద్దు, పైపొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా కాపీ తీయించండి. చిరిగినచోట సెల్లోటేపు అంటించకండి, కొన్నేళ్ళకి పసుపుమరక మిగిల్చి పోతుంది. 1980ల్లో అందరం మోజుపడి కొన్న, ప్లాస్టిక్ కాగితం కింద జిగురున్న ఆల్బమ్‌లే అన్నిటికంటే చెడ్డవి. అంతకు ముందరి నల్ల అట్టల ఆల్బమ్, మూలలకి పెట్టే కాగితం తొడుగులు నయం. పేర్లు వెనక మెత్తని పెన్సిల్‌తో అంచున రాయాలి. బాల్‌పెన్ను నొక్కు ముందువైపు తేలుతుంది. ఆ 1980ల నాటి కలర్ ఫొటోలు ఎర్రబారిపోతున్నాయి, రంగుల్లో ఒకటి ముందుగా వెలిసిపోవడం వల్ల. వాటికే తొందర ఎక్కువ, 1938 నాటి నలుపు-తెలుపు కార్డు ఇంకో తరం ఆగుతుంది. తీరప్రాంతంలో ఉంటే ఒక ప్రతి ఇంకో ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉంచండి. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో మనుషులతోపాటు వాళ్ళ ముఖాలు కూడా కొట్టుకుపోయిన ఇళ్ళున్నాయి.

విశాఖలో బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. 1960ల్లో బర్మాలో సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసినప్పుడు తిరిగొచ్చిన కుటుంబాలకి చోటిచ్చిన ప్రాంతం అది. 1942లో కాలినడకన వచ్చినవాళ్ళ మాటలు వినడానికి ఇక మనుషులు మిగల్లేదనే చెప్పాలి. ఓడల్లో వచ్చిన ఆ రెండో విడతవాళ్ళు, అప్పటి పిల్లలు, ఇప్పుడు అరవైలు డెబ్భైలు దాటి ఇంకా ఉన్నారు. వాళ్ళ పెట్టెల అడుగున ఏ స్టూడియో ఫొటోలున్నాయో ఎవరైనా వెళ్ళి అడిగితే బాగుండును.

మా అమ్మమ్మ ఈమధ్య తన సంగతి తనే చూసుకుంది. తల్లికి జరిగింది తనకి జరగనివ్వనని, బతికుండగానే తన పటం తీయించమంది. మండల కేంద్రంలో స్టూడియోకి తీసుకెళ్ళాం. అక్కడి కుర్రాడు కంప్యూటరులో ఆమె వెనక జలపాతం పెట్టి చూపించాడు, వద్దంది. మెడలో నాలుగు వరసల హారం పెట్టి చూపించాడు, “అది నాదేటి?” అంది. ఆఖరికి, “మామ్మగారూ, ముడతలు తీసి కొంచెం తెల్లగా చేస్తాను, బాగుంటుంది” అన్నాడు.

“ఒరే బావూ, రేపు నా మనవలు పటం చూసి ఎవుత్తె ఈవిడ అనుకుంటే నువ్వొచ్చి సెప్తావేటి? ఉన్నది ఉన్నట్టు తియ్యి. డబ్బులు మాత్రం తగ్గించు, నీకు పని లేదు కదా” అంది అమ్మమ్మ.

కుర్రాడు యాభై తగ్గించాడు.